కరెంట్స్ (సముద్ర ప్రవాహాలు) చూసుకుని రూట్ వేస్తే నిజంగా ఆయిల్ మిగులుద్దా? కాకినాడ నుంచి శాంటోస్, కేప్ మీదుగా

ఉప్పాడ_సెకండ్‌మేట్

అందరికీ నమస్కారం. సుప్రామాక్స్ బల్కర్ (విడి సరుకు మోసే ఓడ) మీద రూట్లు వేసే సెకండ్ మేట్‌ని. కాకినాడలో డిశ్చార్జ్ అయిపోతోంది, తర్వాత ఆర్డర్ బ్రెజిల్ శాంటోస్, అక్కడ పంచదార లోడింగ్ అంటున్నారు, అంటే ఇక్కణ్ణుంచి బ్యాలస్ట్‌లో (సరుకు లేకుండా) ఆఫ్రికా కింద కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి వెళ్లడమే. నవంబర్ మొదటి వారంలో కదులుతాం. ఆఫీసు నుంచి వెదర్ రూటింగ్ వాళ్ల రూట్ ఎలాగూ వస్తది, కానీ మా మాస్టర్ (కెప్టెన్) గారు "వాళ్లది కాపీ కొట్టకు, కరెంట్స్ చూసి నువ్వొకటి వెయ్యి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు.

కూర్చుని చూస్తుంటే తల తిరుగుతోంది. పైలట్ చార్ట్‌లో బాణాలు ఒకలా ఉన్నాయి, ఆన్‌లైన్ మోడల్ మ్యాప్‌లో ఇంకోలా ఉన్నాయి, సుడులు సుడులుగా ఉంది, బాణం ఎటు పోతోందో కూడా తెలీట్లేదు. దక్షిణాఫ్రికా తీరం వెంబడి పోయే అగుల్హాస్ కరెంట్ మన వైపే కలిసొస్తదని అందరూ చెప్పేదే, కానీ దాని కోసం ఎంత దూరం పక్కకెళ్లాలి, ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదిలెయ్యాలి? ఇంకోటి, మా చీఫ్ ఆఫీసర్ అంటాడు కదా "కరెంట్ వల్ల వచ్చేది ముష్టి రెండు మూడు గంటలు, దానికోసం ఇంత ప్లానింగ్ ఎందుకు" అని. నిజమేనా? మడగాస్కర్‌కి తూర్పున వెళ్లాలా, మొజాంబిక్ ఛానల్‌లోంచి వెళ్లాలా అన్నది కూడా తేలట్లేదు. తెలిసినోళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. తిరుగు ప్రయాణం కూడా ఇండియాకే అని టాక్, కాబట్టి దాని గురించి కూడా చెబితే మంచిది.

గోదారి_కెప్టెన్ (రిటైర్డ్)

బాబూ, మీ మాస్టర్ మంచాయన, ఈ రోజుల్లో సెకండ్ మేట్‌తో ఇలా లెక్క చేయించేవాళ్లు తక్కువ. వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు కాకినాడ దగ్గర్నుంచే మొదలుపెడదాం. మన కోస్తా వెంబడి కరెంట్ ఏడాదంతా ఒకే వైపు ఉండదు, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి దిగుతుంది. నువ్వు నవంబర్‌లో దిగుతున్నావు కాబట్టి కలిసొచ్చేదే. శ్రీలంక కింద కూడా చలికాలపు మాన్సూన్ కరెంట్ అప్పటికి పడమర వైపు తిరుగుతూ ఉంటుంది, అదే జూలైలో అయితే తూర్పుకి పోతూ నీ మొహానికి కొట్టేది, పైగా నైరుతి స్వెల్ (దూరం నుంచి వచ్చే పెద్ద అలలు) ఒకటి. కాబట్టి ఇక్కడ నీకు సీజన్ బాగుంది. బంగాళాఖాతంలో తుఫాన్ల నెల అదే అన్నది మాత్రం మర్చిపోకు, తుఫాను ఉంటే కరెంట్ లెక్కలన్నీ గట్టున పెట్టెయ్.

తర్వాత భూమధ్యరేఖ. ఇక్కడ చాలామంది చూసుకోరు. ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి ఈక్వేటర్ మీద తూర్పుకి ఒక జోరైన ప్రవాహం పుడుతుంది, విర్ట్‌కీ జెట్ అంటారు, 1973లో క్లాస్ విర్ట్‌కీ అనే ఆయన దీని మీద రాసిన దగ్గర్నుంచి ఆ పేరే ఉండిపోయింది. దాదాపు రెండు నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) ఉంటుంది. నువ్వు సరిగ్గా ఆ టైమ్‌కే నైరుతి దిక్కుకి దాన్ని దాటాలి. ఆ పట్టీ ఈక్వేటర్‌కి అటు రెండు ఇటు రెండు డిగ్రీలు. దాని మీద ఏటవాలుగా ఎక్కువసేపు నడిస్తే అంతసేపూ వెనక్కి లాగుతూనే ఉంటుంది, అందుకని ఆ బెల్ట్‌లో కోర్సు కొంచెం దక్షిణానికి తిప్పి త్వరగా దాటేసి, కిందకి పోయాక మళ్లీ పడమరకి తిరుగు. 8, 10 డిగ్రీల దక్షిణానికి వచ్చేసరికి సౌత్ ఈక్వటోరియల్ కరెంట్ దొరుకుతుంది, అది నిన్నే మడగాస్కర్ వైపు తోస్తుంది.

మడగాస్కర్‌కి తూర్పా, ఛానలా అంటే నా ఓటు తూర్పుకే. మొజాంబిక్ ఛానల్‌లో నిలకడైన కరెంట్ అని ఒకటి లేదు, మూడొందల కిలోమీటర్ల వెడల్పు సుడులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా దక్షిణానికి జారుతుంటాయి. సుడికి సరైన పక్కన పడితే రెండు నాట్లు వస్తుంది, తప్పు పక్కన పడితే రెండు నాట్లు పోతుంది. తాజా ఫోర్‌కాస్ట్ చేతిలో ఉండి, దాన్ని చూసి రూట్ తిప్పుకునే ఓపిక ఉంటే ఛానల్ కూడా పర్లేదు. తూర్పున అయితే మడగాస్కర్ ఒడ్డు వెంబడి, సుమారు 20 డిగ్రీల దక్షిణం దాటాక, దిగువకి ఒక కరెంట్ కుదురుగా పోతూ ఉంటుంది.

ఇక అగుల్హాస్. ప్రపంచంలో ఓడలకి నిజంగా డబ్బు మిగిల్చే కరెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ఇది, గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ దగ్గర కురోషియో, వానాకాలంలో సోమాలీ కరెంట్. ఇవన్నీ సన్నగా, జోరుగా పోయేవి. అగుల్హాస్ నడిబొడ్డున నాలుగు నాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. డర్బన్ నుంచి ఈస్ట్ లండన్ దాకా షెల్ఫ్ (ఒడ్డు పక్క లోతు తక్కువ నేల) బాగా సన్నం కాబట్టి ఒడ్డుకి దగ్గరగా, 200 మీటర్ల డెప్త్ లైన్‌కి కాస్త బయటగా పోతుంది. పోర్ట్ ఎలిజబెత్ దాటాక ఆ షెల్ఫే అగుల్హాస్ బ్యాంక్ పేరుతో వెడల్పవుతుంది, కరెంట్ బ్యాంక్ అంచు పట్టుకుని నైరుతికి వెళ్లిపోయి, చివరికి వెనక్కి తిరిగి మళ్లీ హిందూ మహాసముద్రంలోకే పోతుంది. నీ దారి పడమరకి కదా, అక్కడ దాన్ని వదిలెయ్యాలి. ఇంకా వస్తుందేమోనని దాని వెంట పోతే దక్షిణాన ఎక్కడో తేల్తావు.

ఎక్కడ పట్టుకోవాలి అన్నావు. మడగాస్కర్ దక్షిణ కొస నుంచి కేప్ అగుల్హాస్‌కి నేల తగలకుండా గీత గీస్తే అది సుమారు ఈస్ట్ లండన్ బయట నుంచి పోతుంది. కరెంట్ మొత్తం వాడుకుందామని డర్బన్ దాకా పైకి ఎక్కితే నాకు చార్ట్ మీద 30, 35 మైళ్లు అదనం వస్తోంది. వచ్చిన లాభంలో సగం దానికే పోతుంది. పోర్ట్ సెయింట్ జాన్స్ దగ్గర్లో కలుసుకో, చాలు. ఛానల్ నుంచి వస్తే మాత్రం రిచర్డ్స్ బే నుంచే నీ దారిలో ఉంటుంది, ఎక్కడానికి ఖర్చు లేదు. ఛానల్‌కి ఉన్న ఒకే ఒక్క గొప్ప అదే.

చిన్న చిన్న పక్కదార్లకి భయపడక్కర్లేదు కూడా. 300 మైళ్ల లెగ్ మధ్యలో 30 మైళ్లు పక్కకి జరిగి వచ్చావనుకో, పెరిగే దూరం ఆరు మైళ్లే, అంటే అరగంట. ఆ 30 మైళ్లతో రెండు నాట్ల కరెంట్ దొరికితే పోయింది ఏముంది. గీత నిటారుగా లేకపోతే ప్రాణం ఒప్పదు కొంతమంది మాస్టర్లకి.

ఇప్పుడు అసలు విషయం, పెద్దక్షరాల్లో రాసుకో. అక్కడ నైరుతి గాలి లేచిందంటే ఆయిల్ లెక్కలు ఆపెయ్. కరెంట్ నైరుతికి పోతుంటుంది, అలలు నైరుతి నుంచి దానికి ఎదురొస్తాయి, ఎదురెదురు తగిలి అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి, ముందు పెద్ద గొయ్యి, దాని వెనక గోడ. ఓడ ముక్కు ఆ గోతిలోకి దిగాక పైకి లేవడానికి టైమ్ ఉండదు. 1909లో వారతా అనే స్టీమర్ డర్బన్ నుంచి కేప్‌టౌన్ బయల్దేరి 211 మందితో ఆ తీరంలోనే మాయమైంది, ఈ రోజుకీ ఆచూకీ లేదు. సంకేతం ఎలా ఉంటుందంటే, ముందు ఈశాన్య గాలి గట్టిగా కొడుతూ బారోమీటర్ దిగుతుంది, తర్వాత కాసేపు గాలి పడిపోతుంది, అక్కణ్ణుంచి నైరుతి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. గాలి పడిపోయింది కదా అని టీ తాగుతూ కూర్చోకు, ఆ కాసేపట్లోనే 200 మీటర్ల లైన్ లోపలికి, ఒడ్డు వైపు జరగాలి. అక్కడ కరెంట్ తక్కువ, అల కూడా లొంగుతుంది. నవంబర్‌లో చలికాలమంత ఎక్కువ రావు గానీ వస్తాయి. అందుకని ప్లాన్‌లో రెండు ట్రాకులూ ముందే గీసి పెట్టుకో, కరెంట్ లోపల ఒకటి, ఒడ్డు వైపు ఒకటి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి మారాలో వేపాయింట్లతో సహా.

కేప్ దాటాక శాంటోస్ దాకా కరెంట్ కోసం వెతక్కు, అక్కడ ఉన్నది అరకొర. స్వెల్ చూసుకుంటూ పో.

చీఫ్_గాజువాక

కెప్టెన్ గారు రూట్ చెప్పీసారు, నేను కింద ఇంజిన్ రూమ్ నుంచి రెండు ముక్కలు చెప్తాను. తమ్ముడూ, బ్రిడ్జ్ మీద మీరంతా జీపీఎస్ స్పీడ్ చూసి "పదిహేను వస్తంది చీఫ్" అని సంబరపడిపోతారు, కానీ ఇంజినుకి జీపీఎస్‌తో ఏటి పని, అది తోసేది నీటిని. నీటిలో స్పీడే దాని లెక్క. కరెంట్‌లో పదిహేను వచ్చినా ఆర్పీఎమ్ మార్చకపోతే గంటకి కాలే ఆయిల్ అదే. గంటలు తగ్గుతాయి అంతే.

ఒక లెక్క చూడు, అంకెలు తేలిగ్గా ఉండాలని వేసుకున్నవి. ఓడ 12 నాట్లకి రోజుకి 24 టన్నులు, అంటే గంటకి టన్ను. కరెంట్ ఉన్న ముక్క 300 మైళ్లు, సగటున 3 నాట్లు కలిసొచ్చింది. ఆ తర్వాత శాంటోస్‌కి 3600 మైళ్లు కరెంట్ లేకుండా. కరెంటే లేకపోతే మొత్తం 325 టన్నులు. ఇప్పుడు కరెంట్ ఎక్కి ఆర్పీఎమ్ ముట్టుకోకుండా పోయావు అనుకో, 300 మైళ్లు 25 గంటలకి బదులు 20 గంటల్లో అయిపోయాయి, మిగిలింది 5 టన్నులు. శాంటోస్‌కి 5 గంటలు ముందెళ్లి యాంకర్ వేసుకుని కూర్చున్నావు. మీ చీఫ్ ఆఫీసర్ చెప్పిన ముష్టి గంటలు ఇవే.

అదే 5 గంటల్ని మిగతా 3600 మైళ్ల మీద పరిచి 12కి బదులు 11.8తో నడిస్తే, పవర్ స్పీడుకి ఘనం లెక్కన తగ్గుతాది కాబట్టి మొత్తం మిగిలేది 15 టన్నులకి కాస్త తక్కువ. ఓడ అదే, కరెంట్ అదే, చేరే టైమ్ కూడా ముందు అనుకున్నదే, ఐదు కాస్తా మూడింతలైపోయింది. టన్ను ఐదారొందల డాలర్లు అనుకున్నా ఎంతో నువ్వే వేసుకో.

ఇంకో పద్ధతి ఉంది, కరెంట్‌లో ఉన్నప్పుడే నీటిలో స్పీడ్ 9కి దించేసి భూమి మీద 12 పట్టుకోడం. దానికీ పద్నాలుగున్నర దాకా వస్తాది. కానీ నాకది నచ్చదు. లోడ్ నలభై శాతం దగ్గరికి పడిపోతే పొగ వేడితో నడిచే ఎకనమైజర్‌లో స్టీమ్ చాలక బాయిలర్ వెలిగించాలి, ఇంజినుకి గాలి కొట్టే ఆక్సిలరీ బ్లోయర్లు అందుకుంటాయి, టర్బోలో మసి పడతాది, టన్నుకి టన్ను పవర్ కూడా అంత రాదు. పైగా అగుల్హాస్‌లో సముద్రం ఎప్పుడెలా తిరుగుతాదో తెలీదు, చేతిలో పవర్ ఉంచుకోవాలి. క్రిటికల్ ఆర్పీఎమ్ రేంజ్ (ఇంజిన్ బాగా అదిరే ఆర్పీఎమ్) ఏటో మీ చీఫ్ ఇంజినీర్‌ని అడిగి తెలుసుకుని అప్పుడు స్పీడ్ వెయ్యి, ఆ రేంజ్‌లో నడపమంటే ఏ చీఫూ ఒప్పుకోడు. జనరేటర్లు తాగేది స్పీడుతో సంబంధం లేకుండా తాగుతానే ఉంటాయి, అది విడిగా రాసుకో.

కరెంట్‌లోకి ఎక్కావో లేదో తెలియాలంటే ఇంజిన్ రూమ్‌కి ఫోన్ చేసి సీ వాటర్ టెంపరేచర్ అడుగు. అగుల్హాస్ వేడి నీళ్ల కరెంట్, అంచు దాటి లోపలికి పోగానే గేజ్ మీద రెండు మూడు డిగ్రీలు ఎగబాకుతాది. మోడల్ మ్యాప్ తప్పు చెప్పొచ్చు గానీ కూలర్ ఇన్‌లెట్ థర్మామీటర్ చెప్పదు. నూన్ రిపోర్ట్‌లో స్లిప్ కూడా మైనస్‌లోకి పోతాది, ప్రొపెల్లర్ తిప్పిన దూరం కంటే ఓడ ఎక్కువ దూరం పోయిందన్నమాట, ఆఫీసులో కుర్రాళ్లు "స్లిప్ మైనస్ ఏంటి సార్, టైపింగ్ మిస్టేకా" అని మెయిల్ పెడతారు, కంగారు పడకు.

నీలిగీతలు_హైద్రాబాద్

నేను షిప్ మీద పని చెయ్యను, ఓషన్ డేటా మీద చేస్త. పైలట్ చార్ట్‌కీ మోడల్ మ్యాప్‌కీ ఎందుకు కలుస్తలేదో చెప్తా. పైలట్ చార్ట్‌లో బాణం అంటే ఎన్నో ఏండ్ల ఓడల రికార్డుల సగటు. సుడులు అండ్ల కొట్టుకుపోయినయి. మోడల్ చూపించేది ఈ రోజు సంగతి. రెండూ నిజమే, వాడే టైమ్ వేరు. బయల్దేరక ముందు ఏ పక్కనుంచి పోవాల్నో సగటు చూసి తేల్చుకో, ఆ ప్రాంతానికి నాలుగైదు రోజుల ముందు మోడల్ తెరువు. రెండు మూడు వారాల తర్వాతి అగుల్హాస్‌ని ఈ రోజు కాకినాడల కూసొని చూస్తే ఏం లాభం లేదు, ఫోర్‌కాస్ట్ ఉండేదే పది రోజులు.

అగుల్హాస్‌ల ఒక మెలిక ఉంది, కెప్టెన్ సార్ చెప్పలే. ఏడాదికి ఒకటో రెండో సార్లు డర్బన్ దగ్గర కరెంట్‌కి ఒక వంపు పుడ్తది, నేటల్ పల్స్ అంటరు. ఆ వంపు తీరం వెంబడి రోజుకి ఇరవై కిలోమీటర్ల లెక్కన కిందికి జారుతది, అది ఉన్న చోట కరెంట్ నడుమ భాగం ఒడ్డు నుంచి వంద కిలోమీటర్లకి పైనే బయటికి జరిగిపోతది. లోపల ఒడ్డు పక్కన ఉల్టా కరెంట్ నడుస్తది. అంటే 200 మీటర్ల లైన్ పట్టుకుని పోయేటోడు కలిసొస్తదనుకున్న చోట ఎదురు తింటడు. ఎప్పుడూ ఒకే లైన్ మీద పోతా అంటే ఇక్కడనే దెబ్బ. దాన్ని మోడల్‌ల, సముద్ర మట్టం శాటిలైట్ మ్యాప్‌ల రెంట్లల్ల చూడొచ్చు. సర్ఫేస్ టెంపరేచర్ మ్యాప్‌ల కూడా కనిపిస్తది గానీ మబ్బులుంటే ఆ మ్యాప్‌ల బొక్కలు పడ్తయి, సముద్ర మట్టం కొలిచే ఆల్టిమీటర్‌కి మబ్బుతోని పని లేదు.

డేటా ఎక్కడ అంటే, యూరప్ వాళ్ల కోపర్నికస్ మెరైన్ ఫ్రీ, రిజిస్టర్ చేసుకుంటే సాలు, డిగ్రీల పన్నెండో వంతు గ్రిడ్, అంటే గళ్లు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకొకటి. మన హిందూ మహాసముద్రం భాగానికైతే హైదరాబాద్‌లనే ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఉంది, 1999ల పెట్టిన్రు, సునామీ వార్నింగ్ అంటే అందరికీ తెలుసు గానీ అలలు, గాలులు, కరెంట్స్ ఫోర్‌కాస్ట్ కూడా రోజూ ఇస్తరు, కాకినాడ నుంచి శ్రీలంక దాకా దానితోని పోల్చి చూసుకో.

ఇంకో చిన్న మాట. మోడల్‌ల పై పొర తీసుకోవద్దు. పైన అర మీటరు నీళ్లు గాలికి ఎటంటే అటు కొట్టుకుపోతయి. నీ ఓడ బ్యాలస్ట్‌ల ఆరేడు మీటర్లు మునుగుతది, లోడెడ్‌ల పన్నెండు దాకా. డ్రాఫ్ట్ (మునిగే లోతు) ఎంతుంటే అంత లోతు దాకా పొరలన్నీ తీసుకుని సగటు కట్టు. ఇది చాలామంది చెయ్యరు, తర్వాత మోడల్ ఫెయిల్ అంటరు.

చీఫ్ సార్ లెక్క నాకు నచ్చింది, నేను కూడా వేసి చూసిన. చేరే టైమ్ ఫిక్స్ అనుకుంటే అన్నిటికంటే తక్కువ కాలేది ఎక్కడంటే, కరెంట్‌ల 12 నుంచి పదిన్నరకి దించి, మిగతా దారంతా 11.9తోని పోతే. మిగిలేది పదిహేనున్నర టన్నులు. అంటే కలిసొచ్చే కాడ కొంచెం తగ్గించుడు, ఎదురొచ్చే కాడ కొంచెం పెంచుడు. చాలామంది ఎదురు కరెంట్‌ల "అనవసరంగా ఎందుకు కాల్చాలె" అని తగ్గిస్తరు, అది ఉల్టా. ఎదురు ఉన్న చోట ఎక్కువసేపు ఉంటే ఎక్కువసేపు వెనక్కి గుంజబడతవ్. కానీ సూడు, ఈ మూడు పద్ధతుల మధ్య తేడా మొత్తం టన్ను. ఎక్కడ తగ్గించినవ్ అన్నది పెద్ద ముచ్చట కాదు, అసలు తగ్గించినవా లేదా అన్నదే పది టన్నుల ముచ్చట.

డెస్క్‌_మీద_ఓడలు (చార్టరింగ్, దుబాయ్)

అందరూ ఆయిల్ మిగుల్తుంది అంటున్నారు, ఎవరికి మిగుల్తుందో కూడా మాట్లాడుకుందాం. టైమ్ చార్టర్‌లో (ఓడని కొంతకాలానికి అద్దెకి తీసుకోవడం) బంకర్ (ఆయిల్) డబ్బు చార్టరర్‌ది, అంటే అద్దెకి తీసుకున్నవాడిది. ఓనర్‌కి, మాస్టర్‌కి భయం దేనికంటే స్పీడ్ క్లెయిమ్‌కి. "సుమారు 12 నాట్లు, సుమారు 24 టన్నులు" అని కాగితం మీద ఉంటుంది, వాయేజ్ అయిపోయాక పర్ఫార్మెన్స్ కంపెనీ వాడు కూర్చుని, నీకు కలిసొచ్చిన కరెంట్‌ని నీ స్పీడ్‌లోంచి తీసేస్తాడు, ఎదురొచ్చింది కలుపుతాడు, అదీ వాడి మోడల్ చెప్పిన కరెంట్, నీ బ్రిడ్జ్ మీద కనిపించింది కాదు. కాబట్టి నువ్వు స్పీడ్ తగ్గించే ముందు చార్టరర్ నుంచి రాతపూర్వకంగా స్పీడ్ ఇన్‌స్ట్రక్షన్ తీసుకో. నోటిమాట మీద తగ్గిస్తే ఆనక "నిన్నెవడు తగ్గించమన్నాడు" అని క్లెయిమ్ వేస్తారు, మా డెస్క్ మీదకి ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

అసలు ఓడలు ముందే వెళ్లి ఎందుకు కూర్చుంటాయంటే చాలా పోర్టుల్లో ముందొచ్చి, చేరామని నోటీస్ ఇచ్చినవాడికే క్యూలో ముందు నంబర్. శాంటోస్‌లో పంచదార, మొక్కజొన్న ఓడలు యాంకరేజ్‌లో బారులు తీరి ఉంటాయి. ఆ రూల్ ఉన్నంత కాలం మీరెన్ని కరెంట్లు ఎక్కినా ఆ మిగిలిన గంటలన్నీ యాంకర్ మీదే పోతాయి. వర్చువల్ అరైవల్ అని ఒక పద్ధతి ఉంది, రెండు పక్షాలూ ఒప్పుకుంటే మెల్లగా వచ్చినా, మామూలుగా వస్తే చేరాల్సిన టైమ్‌కే చేరినట్టు లెక్కేస్తారు, కానీ ఒప్పుకోవాలి కదా.

ఒక కామెడీ చెప్తా. 2023 నుంచి ఐఎమ్‌ఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) వాళ్ల సీఐఐ (కార్బన్) రేటింగ్ వచ్చింది కదా, ఎ నుంచి ఇ దాకా. దాంట్లో కార్బన్‌ని ఓడ కెపాసిటీ, నడిచిన దూరంతో భాగిస్తారు. అంటే కరెంట్ కోసం, వెదర్ కోసం చుట్టు తిరిగి 30 మైళ్లు ఎక్కువ నడిస్తే ఆ మైళ్లు కూడా కింద భాగహారంలోకి వస్తాయి, రేటింగ్‌కి అది మేలే. కార్గో ఉందా లేదా కూడా చూడదు, ఖాళీగా తిరిగినా మైళ్లు మైళ్లే. యూరప్ ట్రేడ్‌లో మాత్రం కార్బన్‌కి నిజంగా డబ్బు కట్టాలి, 2024 ఎమిషన్స్‌కి 40 శాతం, 2025కి 70, 2026 నుంచి మొత్తం. మీది బ్రెజిల్ కాబట్టి ఆ గోల లేదు.

ఉప్పాడ_సెకండ్‌మేట్

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. కెప్టెన్ గారూ, విర్ట్‌కీ జెట్ సంగతి నేను అసలు చూడలేదు, మోడల్ తెరిస్తే నిజంగానే ఈక్వేటర్ మీద ఎర్రగా పట్టీ కనిపిస్తోంది. రూటింగ్ వాళ్ల ట్రాక్ దాన్ని పొడుగ్గా కోసుకుంటూ పోతోంది! చీఫ్ గారి లెక్క మా చీఫ్ ఆఫీసర్‌కి చూపించా, "సరే వెయ్యి చూద్దాం" అన్నాడు, అదే గొప్ప.

రెండు డౌట్లు. తిరిగి వచ్చేటప్పుడు లోడెడ్‌లో అగుల్హాస్ ఎదురు కదా, ఒడ్డు పక్కన 200 మీటర్ల లోపల నుంచి రావడమా, లేక బాగా బయట నుంచా? రెండోది, స్పీడ్ లాగ్ (నీటిలో ఓడ స్పీడ్ కొలిచే పరికరం) చూపించే స్పీడ్‌కి, జీపీఎస్‌కి తేడానే కరెంట్ అనుకోవచ్చా?

గోదారి_కెప్టెన్ (రిటైర్డ్)

ఒడ్డు పక్కన రావొచ్చు, కోస్టర్లు, డర్బన్‌కి వెళ్లేవాళ్లు అలాగే వస్తారు. కానీ 2023 చివర్లో ఎర్ర సముద్రం గొడవ మొదలైన దగ్గర్నుంచి కంటైనర్ ఓడలు చాలా కేప్ మీద పడ్డాయి, ఆ పట్టీలో ఎదురొచ్చే ట్రాఫిక్ ఎక్కువ, పైగా చేపల పడవలు, తప్పుకోడానికి నీళ్లు తక్కువ. నువ్వు డర్బన్ వెళ్లట్లేదు కదా, నీకెందుకా తలనొప్పి. శాంటోస్ నుంచి కేప్ కిందకి గ్రేట్ సర్కిల్ (గోళం మీద దగ్గరి దారి) ఎలాగూ నిన్ను దక్షిణానికే లాగుతుంది. కేప్‌కి బాగా కింద నుంచి, 38, 39 డిగ్రీల దక్షిణంలో తూర్పుకి పో. అగుల్హాస్ వెనక్కి తిరిగి పోయే కరెంట్ అక్కడే తూర్పుకి పారుతుంటుంది, పడమటి గాలులు కూడా వెనకే ఉంటాయి. వెళ్లేటప్పుడు మోసిన కరెంట్ తోక మీదే తిరిగొచ్చినట్టు. ఆ తర్వాత మడగాస్కర్‌కి తూర్పుగా ఉత్తరానికి తిరుగు.

ఒక్కటి జాగ్రత్త. లోడ్‌లైన్, అంటే ఓడని ఎంతవరకు ముంచొచ్చో చెప్పే గీత. ఏప్రిల్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా ఆ దక్షిణపు నీళ్లు వింటర్ జోన్, సమ్మర్ మార్క్ దాకా లోడ్ చేసి అటు పోకూడదు. నువ్వు డిసెంబర్-జనవరిలో వస్తావు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ లోడింగ్ లేటై ఏప్రిల్ దాకా సాగితే మాత్రం మార్క్ చూసుకోవాలి. అలాగే నైరుతి నుంచి పెద్ద స్వెల్ ఉంటుంది అక్కడ, రోలింగ్ ఎక్కువైతే రెండు డిగ్రీలు పైకి జరిగి రా, పంచదార హేచ్ కవర్ల (సరుకు గదుల మూతల) మీద నీళ్లు కొట్టించుకుని సంపాదించే కరెంట్ అక్కర్లేదు.

మీ రూటింగ్ వాళ్ల ట్రాక్ అలా ఎందుకుందో అడుగు, ఊరికే ఎగతాళి చెయ్యకు, వాళ్ల దగ్గర స్వెల్ కారణం ఏదైనా ఉండొచ్చు. రెండు వైపులా వినాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికాలో పోస్టల్ డిపార్ట్‌మెంట్ చూసేటప్పుడు ఇంగ్లండ్ నుంచి ఉత్తరాల ఓడలు మామూలు సరుకు ఓడల కంటే రెండు వారాలు లేటుగా వచ్చేవి. ఆయన బంధువు టిమతీ ఫోల్జర్ అని నాంటకెట్ కెప్టెన్ ఒకడు కారణం చెప్పాడు, తిమింగలాలు వేటాడే మా వాళ్లకి గల్ఫ్ స్ట్రీమ్ తెలుసు, దాని పక్కనుంచి పోతారు, ఉత్తరాల ఓడలవాళ్లు దానికి ఎదురీదుతున్నారు, చెబితే వినరు, జాలర్లు మాకు చెప్పేదేంటి అంటారు అని. ఆ ఫోల్జర్ చేత గీయించిందే ఫ్రాంక్లిన్ అచ్చేయించిన మొదటి గల్ఫ్ స్ట్రీమ్ చార్ట్, 1769-70 ప్రాంతంలో. అచ్చేయించి పంపినా ఆ కెప్టెన్లు పట్టించుకోలేదట.

చీఫ్_గాజువాక

లాగ్ సంగతి నేను చెప్తా. తేడా కరెంటే, కానీ లాగ్ నిజం చెప్తేనే. డాప్లర్ లాగ్ వాటర్ ట్రాక్‌లో (నీటితో పోల్చి) ఉందో బాటమ్ ట్రాక్‌లో (నేలతో పోల్చి) ఉందో ముందు చూడు. లోతు తక్కువున్న చోట అది నేలని పట్టేసుకుని బాటమ్‌కి మారిపోతాది, అప్పుడది చూపించేది కూడా భూమి మీద స్పీడే, జీపీఎస్‌తో సమానంగా వస్తాది, నువ్వు "ఇక్కడ కరెంటే లేదు" అనుకుంటావు. సరిగ్గా ఆ 200 మీటర్ల లైన్ దగ్గరే జరిగేది ఇది. సెట్టింగ్ మాన్యువల్‌గా వాటర్ మీద పెట్టీసి ఉంచు.

దానికి తోడు లాగ్‌లోనే అర నాట్ తప్పు ఉన్న ఓడలు బోల్డు. కరెంట్ లేని చోట ఒక రోజు లాగ్, జీపీఎస్, ఆర్పీఎమ్ మూడూ రాసి పెట్టుకో, భూమధ్యరేఖ దాటాక దొరుకుతాది అలాంటి చోటు.

నీలిగీతలు_హైద్రాబాద్

ఆ రీడింగ్స్ గంటకోసారి రాసిపెట్టు తమ్మీ, టైమ్, పొజిషన్, హెడింగ్, లాగ్ స్పీడ్, జీపీఎస్ స్పీడ్, సీ వాటర్ టెంపరేచర్. శాంటోస్ చేరినంక ఇక్కడనే పెట్టు, మోడల్‌తోని పక్కపక్కన వేసి చూపిస్త. హెడింగ్, కోర్సు రెండూ రాయాలె, ఒకటే రాస్తే అడ్డంగ కొట్టే కరెంట్ దొరకదు.

ఉప్పాడ_సెకండ్‌మేట్

తప్పకుండా అన్నా. ఎక్సెల్ షీట్ ఇప్పుడే చేసి పెట్టా, వాచ్‌లో ఉన్న క్యాడెట్‌కి అప్పజెప్తా. లాగ్ చూశాను చీఫ్ గారూ, ఆటోలో ఉంది, బెర్త్ మీద కాబట్టి బాటమ్ పట్టుకుని ఉంది. బయటికి వెళ్లగానే వాటర్‌కి మార్చి లాక్ చేస్తా. స్పీడ్ ఇన్‌స్ట్రక్షన్ మెయిల్ మాస్టర్ గారు ఈ సాయంత్రమే పెడుతున్నారు, చార్టరర్ ఏమంటాడో చూడాలి.